ఉచిత కరెంటుకు నేను కట్టిన బిల్లు

ఇరవై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. ధర సున్నాకు పడితే వాడకం ఎంత పెరుగుతుందో బోర్డు మీద గీత గీసి చూపించని ఏడాది లేదు. ఆ గీత చివర నిలబడ్డ మనిషిని నేనేనని తెలియడానికి మాత్రం మూడు బోర్లు పట్టాయి.

జనగామ దగ్గర మాకు మూడెకరాలుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలిసేది కాదు. అందుకే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది. కరెంటు కోతలు పోయాయి గానీ మా భయం పోలేదు. ఆటోలు తీసేయమని సర్కారు చెప్పింది. నేను తీయలేదు.

నాది అయిదు హార్స్‌పవర్ మోటారు. గంటకు దాదాపు 4 యూనిట్లు. రాత్రి పది గంటలు నడిస్తే ఎక్కడో థర్మల్ కేంద్రంలో పాతిక కిలోల బొగ్గు మండాలి. అదంతా మడి నిండి, గెట్టు దాటి, బాట మీద పారే నీళ్ల కోసం! బిల్లు నా పేరున రాదు గనుక లెక్క కట్టలేదు. ఆ సబ్సిడీ మన పన్నుల్లోంచే పోతుందని క్లాసులో చెప్పేదీ నేనే.

పక్క చేను పెద్దాయన ఒకరోజు ఆపాడు. "సారూ, రాత్రంతా పోస్తున్నవ్. కిందున్న నీళ్లు నీ ఒక్కనియేనా?"

"నేను బంద్ చేస్తే ఇంకొకరు గుంజుకుంటరు గద పెద్దయ్యా" అన్నాను.

మర్నాడు పిల్లలకు గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం గురించి చెప్పాను. ఉమ్మడి బీడులోకి ఎవరికి వారు ఇంకో పశువును తోలితే చివరికి బీడే మిగలదని. నాలుక తడబడనైనా లేదు.

తర్వాతి యాసంగిలో వరి పొట్టకొచ్చే వేళకు బోరు ఆగి ఆగి పోయసాగింది. ఇంత చదివినవాణ్ణి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూసే ఆయన్ని పిలిపించాను. కాయ నిలబడింది. బోరు బండి నాలుగొందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. ఇంకో మూల కాయ మళ్లీ నిలబడింది, మళ్లీ దుమ్మే. ఎండిన వరిలోకి పశువుల్ని తోలుకొమ్మని ఆ పెద్దాయనకే చెప్పాను. ఆ రెండు బోర్లకు పోసిన డబ్బుతో కొన్ని యాసంగుల కరెంటు బిల్లు తీరేది.

ఉచిత కరెంటే తప్పని అనను. ఛార్జీల పెంపును ఎదిరించినందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తూటాలకు మనుషులు పోయారు. రైతుకు సాయం కావాల్సిందే. కానీ పొదుపు చేసినవాడికీ అందులో ఏదో మిగలాలి. పంజాబ్‌లో 2018లో మొదలైన పథకం ఒకటి, మిగిల్చిన ఒక్కో యూనిట్‌కు 4 రూపాయలు రైతుకే ఇచ్చింది.

నేను ఆటో తీసేశాను. ఇప్పుడు ఎకరంలోనే వరి, మిగతా రెండెకరాల్లో కంది. మోటారు వేయాలన్నా, ఆపాలన్నా నేనే పొలం దాకా నడవాలి.