ఐసెట్ సూత్రానికి సంగారెడ్డి టీక

మూలం: డ్యూటీ దిగి, స్నానం చేసి, గంటసేపు కూర్చొని, వచ్చినవి చేసి, రానివి వదిలి, చివరి ఐదు నిమిషాల్లో అన్నీ నింపవలెను.

అవతారిక: డిగ్రీ చదివి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో కుదిరినవారు పని మానకుండానే ఐసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకోవడం ఎలాగో ఈ సూత్రం విధిస్తోంది. ఐసెట్ అనగా ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం తెలంగాణ ఉన్నత విద్యామండలి ఏటా జరిపించే ప్రవేశ పరీక్ష. చాలా ఏళ్ళు ఈ బాధ్యత వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయానిది. 2025లో నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి వచ్చింది. ప్రశ్నలు 200, మార్కులు 200, సమయం 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఈ చివరి వాక్యం మీదే సూత్రం సగం బరువు ఆనుకొని ఉంది.

వ్యాఖ్యానం ఈ సీమకు కొత్త విద్య కాదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మెదక్ జిల్లాలోదే కొల్చారం. కాళిదాసు మూడు కావ్యాలకూ సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు ఆ ఊరిదే. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. ఆ నియమంలో రెండో సగాన్ని పాటించడం వ్యాఖ్యాతలకు ఎంత కష్టమో, సిలబస్ మొత్తం మొదటి పేజీ నుంచి చదవాలనుకునే అభ్యర్థులకూ అంతే కష్టం.

«డ్యూటీ దిగి» అనగా మూడు షిఫ్టుల్లో ఏదో ఒకటి ముగించుకొని. ఎక్కకముందు చదవకూడదా అని పూర్వపక్షం. ఉదయం ఆరింటి షిఫ్టువాడు కంపెనీ బస్సు అందుకోవడానికి చీకటితోనే లేస్తాడు, వాడికి ముందు అనేది లేదు. రెండింటి షిఫ్టువాడికి మాత్రం పొద్దున్నే తీరిక కాబట్టి, వాడి విషయంలో «దిగి» అన్నచోట «ఎక్కబోతూ» అని చదువుకోవాలి. నైట్ షిఫ్టువాడికి మూలంలో ఒక మాట తక్కువైంది. «డ్యూటీ దిగి» తర్వాత «నిద్రపోయి» అని అధ్యాహారం చేసుకోవాలి. తెల్లవార్లూ రియాక్టర్ దగ్గర నిలబడి వచ్చి ఎనిమిదింటికి పుస్తకం తెరిస్తే కళ్ళు కదులుతాయి, లెక్క కదలదు. చదివింది మనసులో స్థిరపడటానికీ నిద్ర కావాలి కాబట్టి నిద్రను తగ్గించి చదువుకు ఇవ్వడం ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడమే.

«స్నానం చేసి». స్పష్టం. సాల్వెంట్ వాసన ఎరిగినవారికి వ్యాఖ్య అనవసరం.

«గంటసేపు». 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పనిని హద్దుగా పెట్టి, మించితే రెట్టింపు కూలి ఇమ్మంది. నెలాఖరున ఇంటద్దె కట్టవలసినవాడికి ఆ రెట్టింపే చదువుకు పెద్ద శత్రువు. ఓటీ (ఓవర్‌టైమ్) దొరికిన రోజు గంట పోతుంది. దాన్ని మర్నాటికి కూడబెట్టి రెండు గంటలు చేయబోతే మర్నాడు కూడా పోతుంది. పోయింది పోనిచ్చి మళ్ళీ గంటతోనే మొదలుపెట్టడం పద్ధతి. ఆరు రోజులు రోజుకో గంట, వారాంతపు సెలవు నాడు నాలుగు గంటలు, మొత్తం పది. పన్నెండు వారాలు పట్టుగా సాగితే 120 గంటలు. ఇది తక్కువేమీ కాదు, సిలబస్ అంతటికీ మాత్రం చాలదు. అందుకే సూత్రంలో తక్కిన పదాలు అవసరమయ్యాయి.

«కూర్చొని» అనగా కాగితం, పెన్ను, గడియారం ముందు పెట్టుకొని. మంచం మీద వాలి ఫోన్‌లో పాఠం వినడం ఈ పదం కిందికి రాదు. చదివిందే మళ్ళీ చదవడం కంటే, పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకుంటే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగంలో చూపారు. కాబట్టి గంటలో ముప్పావు పాత ప్రశ్నపత్రానికి, పావు తప్పులు చూసుకోవడానికి. తప్పు ఎందుకు వచ్చిందో పక్కన ఒక ముక్క రాయనివాడు అదే తప్పును పరీక్ష హాలుకు తీసుకెళ్తాడు.

«వచ్చినవి చేసి». సూత్రంలో సారమంతా ఇక్కడ ఉంది. విశ్లేషణ సామర్థ్యానికి 75 మార్కులు, గణితానికి 75, ఇంగ్లీషు విభాగానికి 50. వచ్చినవి అంటే చదివి నేర్చుకున్నవే అనుకోవడం పొరపాటు. ఫ్యాక్టరీ నేర్పినవీ ఈ మాటలో చేరతాయి. బల్క్ డ్రగ్ కంపెనీ నాణ్యత విభాగం (క్యూసీ)లో పనిచేసే కెమిస్ట్ రోజూ ద్రావణాలను పలచన చేస్తాడు; మిశ్రమాల లెక్కలు అవే. హెచ్‌పీఎల్‌సీ యంత్రం రీడింగులకు సగటు, ప్రామాణిక విచలనం కట్టి సాపేక్ష విచలనం (ఆర్‌ఎస్‌డీ) రాస్తాడు. గణాంకాలకు ఉన్న పది మార్కుల్లో కొన్ని అక్కడివే. స్టోర్స్‌లో ఇన్‌వాయిస్‌లు చూసేవాడికి వ్యాపార, కంప్యూటర్ పదాల పది ప్రశ్నల్లో సగం తెలిసినవే తగులుతాయి. వారానికోసారి షిఫ్టు మారే మనిషికి పదివారాల తర్వాత తన షిఫ్టు ఏదో చెప్పడం వెన్నతో పెట్టిన విద్య: పదిని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కనుక ఈ వారం తర్వాతి షిఫ్టే. తేదీలు, వారాల ప్రశ్నల్లో మూడుకు బదులు ఏడు ఉంటుంది, అంతే తేడా.

అయితే ఫ్యాక్టరీ అలవాటు ఒకచోట దెబ్బ తీస్తుంది. దత్తాంశాలు సరిపోతాయా లేదా అని అడిగే ప్రశ్నలు 20 ఉంటాయి. ఉదాహరణకు, డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుంది? ఒకటి, డ్రమ్ము 200 లీటర్లది. రెండు, పంపు నిమిషానికి 8 లీటర్లు పోస్తుంది. రెండూ కలిస్తే చాలు అన్నదే జవాబు. కానీ ప్లాంటులో పెరిగిన బుద్ధి 25 నిమిషాలు అని తేల్చేదాకా ఊరుకోదు. తేల్చినందుకు మార్కు పెరగదు, సెకన్లు తరుగుతాయి. ఈ 20 ప్రశ్నల్లోనూ నాలుగు జవాబులు ఎప్పుడూ అవే కాబట్టి, వాటిని ముందే బట్టీ పట్టి లెక్క కట్టకుండా ఆగడం సాధన చేస్తే, తక్కువ గంటల్లో ఎక్కువ మార్కులిచ్చే భాగం ఇదే. సంఖ్యాశ్రేణుల 25 ప్రశ్నలది రెండో స్థానం.

ఇంగ్లీషు విభాగం 50 మార్కులకు తెలుగు అనువాదం ఉండదు. తెలుగు మీడియంలో చదివినవారు దీన్ని చూసి బెంగపడి రోజు గంటనూ దీనికే ధారపోస్తారు. అది తగదని ఈ వ్యాఖ్య మతం. పదాలకు లింగంపల్లి నుంచి ఇస్నాపూర్ దాకా బస్సులో పట్టే సమయం చాలు.

«రానివి వదిలి». 150 నిమిషాలంటే 9000 సెకన్లు, ప్రశ్నకు 45. మూడు నిమిషాలు పట్టే క్షేత్రగణితం లెక్క గెలిచినవాడు నాలుగు ప్రశ్నల సమయంలో ఒక మార్కు సంపాదించాడు. వదలడం రాకపోవడమే పనిచేసేవారి అసలు లోపం. బ్యాచ్‌ను మధ్యలో వదిలితే మెమో వస్తుందన్న భయం వేళ్ళలోకి దిగి ఉంటుంది. దీన్ని కూడా గడియారం పెట్టుకొని సాధన చేయాలి. నిమిషం దాటితే, జవాబు అంచున ఉన్నా సరే, ముందుకు.

«చివరి ఐదు నిమిషాల్లో». ఇక్కడ «పది» అని పాఠాంతరం ఉంది, అదే గ్రాహ్యం. 120 ప్రశ్నలు, వదిలినవాటి మీద పోయిన సమయం కూడా కలుపుకొని, ఒక్కొక్కటి 70 సెకన్ల చొప్పున చేస్తే 140 నిమిషాలవుతుంది. మిగిలిన 80 ప్రశ్నలకు ఐదు నిమిషాలంటే ఒక్కోదానికి నాలుగు సెకన్లు కూడా రావు. కంప్యూటర్‌లో జవాబు ఎంచుకోవాలి, సేవ్ నొక్కాలి, తర్వాతి ప్రశ్న తెరుచుకోవాలి. ఐదు అన్నవాడు మౌస్ పట్టి చూడలేదు.

«అన్నీ నింపవలెను». వదలమన్న నోటితోనే అన్నీ నింపమనడం విరుద్ధం కదా అంటే, కాదు. వదలవలసింది సమయం, నింపవలసింది జవాబు. ఇది విరోధాభాసం. నాలుగింటిలో ఒకటి సరైనది కాబట్టి 80 ప్రశ్నలు గుడ్డిగా నింపినా సగటున 20 మార్కులు. ఇంకా తమాషా ఏమిటంటే, 200 ప్రశ్నలూ కళ్ళు మూసుకొని నింపితే సగటున 50 వస్తాయి. సరిగ్గా 25 శాతం, అర్హత మార్కు అదే. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసమూ లేదు. ఈ విధిని ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కు అన్వయించరాదు. అక్కడ ఒప్పుకు మూడు, ఎంపిక ప్రశ్నల్లో తప్పుకు మైనస్ ఒకటి కాబట్టి గుడ్డి నింపుడు సగటు విలువ సున్నా. రెండు జవాబులను ఖాయంగా కొట్టేయగలిగితే మాత్రం సగటున ఒక మార్కు లాభం.

ఛందస్సు: వచనం. స్నానం దగ్గర యతి చెల్లింది.

ఫలశ్రుతి: ర్యాంకుతో కన్వీనర్ కోటాలో సీటు, అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్. రెగ్యులర్ ఎంబీఏ క్లాసులు పగటిపూట కనుక సీటు వచ్చినవాడు నైట్ షిఫ్టుకైనా మారాలి, రాజీనామా అయినా రాయాలి. సూత్రం ఈ సంగతి ఎత్తలేదు. ఇద్దరికి మార్కులు సమానమైతే విశ్లేషణ విభాగంలో ఎక్కువ వచ్చినవారు ముందు, అదీ సమానమైతే గణితంలో ఎక్కువ వచ్చినవారు, అదీ సమానమైతే వయసులో పెద్దవారు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు డ్యూటీ చేసినందుకు పరీక్ష నియమాల్లో దొరికే లాభం ఈ ఒక్కటే.