ముందు బయటికి రండప్పా

చంద్రుడి మీద మన ల్యాండర్ విక్రమ్ దిగిన సాయంత్రం రాయచూరు దగ్గర మా చంద్రబండలో చంద్రుణ్ని చూసినవాడు ఒక్కడూ లేడు. 2023 ఆగస్టు 23, బుధవారం. టీవీ ఉన్న ప్రతి ఇంట్లో పెళ్లికి వచ్చినంత జనం. ఆరు దాటి నాలుగు నిమిషాలకు చప్పట్లు, ఈలలు, పిల్లల కేకలు. చప్పట్లు నేనూ కొట్టాను, ఎందుకు కొట్టను? తర్వాత బయటికొచ్చి అరుగు మీద నిలబడి తలెత్తితే, దక్షిణం దిక్కున సగం చంద్రుడు తెల్లగా కనిపిస్తున్నాడు. ఇంకా పొద్దు గూకలేదు. ఆ ఏడు ఆగస్టులో వానలు ఎగ్గొట్టి రైతును ముంచాయి గానీ ఆకాశం మాత్రం తెరిపిగా ఉంది. "ఒరే పిల్లలూ, బయటికి రండ్రా, మనది దిగింది అదిగో అక్కడ" అని అరిచాను. లోపల్నుంచి జవాబు: "ఉండు తాతా, టీవీలో మళ్లీ చూపిస్తున్నారు."

ఆ సగం చంద్రుడు ఊరికే అలా లేడప్పా. విక్రమ్ ఎండ మీద బతికే యంత్రం. అక్కడ తెల్లవారాక దిగాలి, మన లెక్కన పద్నాలుగు రోజులుండే ఆ పగలంతా పని చేసుకోవాలి, చీకటి పడితే దాని పని సరి. చంద్రుడి నడిమి మీద వెలుగూ చీకటీ కలిసే గీత కనిపిస్తోందంటే, విక్రమ్ కాలు పెట్టిన దక్షిణపు కొస దగ్గర ఎండ వచ్చి ఎంతో సేపు కాలేదన్నమాట. చంద్రుడి మీద పొద్దు పొడవడం మా వీధిలో నిలబడి చూడొచ్చు. ఇంత మంచి పాఠం తలమీద వేలాడుతుంటే పిల్లలు గోడకు మొహం పెట్టి కూర్చున్నారు.

మా రోజుల్లో గోడమీద బొమ్మ లేదు. 1969 జూలై 21, సోమవారం. ఊళ్లో రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. అమెరికావాడు చంద్రుడి మీద కాలు పెట్టింది మన గడియారం ప్రకారం పొద్దున ఎనిమిదిన్నరకు కాస్త ముందు. బడికి పోవాల్సిన మేం రేడియో అరుగు దగ్గరే ఆగిపోయాం. వచ్చింది ఉత్త మాట. ఆ మాట నమ్మాలో వద్దో తేలక సాయంత్రం ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. మబ్బుల సందులోంచి చంద్రుడు కనిపించాడు. ఆ రోజూ ఇంచుమించు సగమే, ఎందుకంటే అప్పుడూ అక్కడ పొద్దున్నే చూసుకుని దిగారు. మా అవ్వ కళ్లు చికిలించి చూసి, "ఏడున్నారప్పా, నాకు కనపడరే? కుందేలును తొక్కరు కదా?" అంది. అందరం నవ్వాం. నవ్వే గానీ, అవ్వ చూస్తున్న ఆ నిమిషంలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఇద్దరూ నిజంగానే అక్కడ ఉన్నారు. వాళ్లు తిరిగి లేచింది మనకు రాత్రి పదకొండు దాటాక. మూడో మనిషి కాలిన్స్ పైన ఒంటరిగా చుట్లు కొడుతున్నాడు. ఈ లెక్క నేను మేష్టరయ్యాక చూసుకున్నాను.

అంటే బొమ్మ లేనప్పుడు జనం చూడ్డానికి బయటికొచ్చారు, బొమ్మ వచ్చాక లోపలికి పోయారు. నా గొణుగుడంతా ఇదే.

మా రోజుల్లో అంతా బంగారమని మాత్రం అనను. అప్పుడు భూమిని ఆదిశేషుడు మోస్తున్నాడనే చెప్పేవాళ్లు. మేష్టరు గుండ్రమంటాడు, ఇంట్లో బల్లపరుపు అంటారు. మేం బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి ఒప్పుకుని ఇద్దరి దగ్గరా దెబ్బలు తప్పించుకునేవాళ్లం. కానీ ఆకాశం మాత్రం మాకు ఇంటి సరుకు. మాఘమాసంలో కళ్లంలో జొన్న కుప్పకు కాపలా పడుకుంటే నడినెత్తిన గొర్రుకొయ్యలు, వాటి పక్కన పిల్లలకోడి. గొర్రుకొయ్యలు పడమటికి వాలాయంటే కాపలాకు రెండోవాణ్ని లేపే వేళ. వేగుచుక్క వస్తే ఎద్దులకు మేత. ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే ఉత్తరాన సప్తర్షులు. రాయచూరు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మే నెలలో ఇంట్లో పడుకోవడమంటే పొయ్యిలో పడుకోవడమే. ఇప్పుడు కూలరు పెట్టుకుని తలుపులు బిగించుకుంటున్నారు. బయటికొచ్చినా వీధికొక ఎల్‌ఈడీ దీపం, అటు కృష్ణ ఒడ్డున శక్తినగర్ థర్మల్ స్టేషన్ వెలుగు. కరెంటు వద్దనడం లేదు, దాని కోసం ఎంత ఏడ్చామో నాకు గుర్తుంది. వెన్నెల్లేని రాత్రి పాలపుంత మా మిద్దె మీదుగా పారేది, అది పోయిందని అంటున్నానంతే.

ఇప్పటి పిల్లలకు నేను చెబితే నమ్మని సంగతొకటుంది. మన రాయచూరు జిల్లా పల్లె పిల్లలకు అంతరిక్షం నుంచి పాఠాలు చెప్పారు, అదీ 1975లో! ఇస్రో, నాసా కలిసి చేసిన ఆ ప్రయోగాన్ని అందరూ 'సైట్' అనేవాళ్లు. నాసావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఆఫ్రికా తూర్పు భాగం పైకి జరిపారు. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తు. 1975 ఆగస్టు 1 నుంచి మరుసటేడు జూలై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు అది టీవీ చూపించింది. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపూరు జిల్లాలు. మాకు కన్నడంలో, ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెలుగులో. పొద్దున బడి పిల్లలకు ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాలు, సాయంత్రం పెద్దవాళ్లకు సేద్యం, ఆరోగ్యం, ఆటపాట.

అప్పుడు నేను మేష్టరు శిక్షణలో ఉన్నాను. జిల్లాలోనే ఒక పల్లెకు చూడ్డానికి పోయాం. బడి పక్కన కోళ్ల గూటికి వేసే జాలీతో చేసిన గొడుగు, పదడుగుల వెడల్పు, పడమటికి మొహం పెట్టి ఉంది. లోపల నేలమీద పిల్లలు, వాళ్ల వెనక ఊళ్లోవాళ్లు, కిటికీలో మేక. ఆ పిల్లల్లో సగంమంది ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు, తెరమీద వచ్చేది కన్నడం. ఎవడికీ ఇబ్బంది కలగలేదు, రెండు భాషల మధ్య పుట్టినవాళ్లకు అది మామూలే. బొమ్మ అయిపోగానే హెడ్మాస్టరు టీవీ కట్టేసి పిల్లలందర్నీ బయటికి తోలాడు. గొడుగు వెనక నిలబెట్టి, అది చూస్తున్న దిక్కు చూపించి, "మీరిప్పుడు చూసిన బొమ్మ అదిగో అక్కణ్నుంచి వచ్చింది" అన్నాడు. పట్టపగలు, ఏమీ కనపడదు. అయినా అందరూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. ఒక పిల్లవాడు, "పడిపోదా సార్?" అని అడిగాడు. పడుతూనే ఉంటుంది, భూమి చుట్టూ పడుతూ ఉంటుంది కాబట్టే నేలమీద పడదు అని ఆయన కన్నడంలో కొంత, తెలుగులో కొంత చెప్పాడు. ఇరవై రెండున్నర నిమిషాల బొమ్మకు అరగంట వివరణ. ఇప్పుడు స్మార్ట్ క్లాసులో ఒక వీడియో అవగానే తర్వాతిది దానంతటదే మొదలవుతుంది. ప్రశ్న పుట్టే సందేది?

పడిపోదా అని ఆ పిల్లవాడు అడిగింది ఉత్తినే పోలేదు. 1979 జూలైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతోందన్నారు. డెబ్బై ఏడు టన్నుల ఇనుము ఎవడి నెత్తిన పడుతుందోనని తెలంగాణ పల్లెల్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. చివరికది 11న హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడింది. పోయినవి మనవాళ్ల మేకలు.

ఇక 1980 ఫిబ్రవరి 16. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ అంకోలా దగ్గర నేలకెక్కి, హుబ్లీ మీదుగా సరిగ్గా మన జిల్లా నడుమ నుంచి పోయింది. బెంగళూరు నుంచి శాస్త్రవేత్తలు వచ్చి సింధనూరు తాలూకా జవళగెరలో డేరాలు వేసుకున్నారు, అమెరికావాళ్లు పాలమూరు వైపు పాలెంలో దిగారు. ప్రపంచం మన పొలాల్లోకొచ్చి కూర్చుంది. మనవాళ్లేమో తలుపులు బిగించుకున్నారు. గర్భిణులు సరే, వాళ్లను కదలనివ్వరని తెలుసు. పసిపిల్లల్ని, బడి పిల్లల్ని, చివరికి పశువుల్ని కూడా లోపల కట్టేశారు. శనివారం కాబట్టి పొద్దుటి బడి, మధ్యాహ్నానికి వీధిలో పురుగు లేదు. నేనొక్కణ్నే వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు చుక్కలు మామూలుగా గుండ్రంగా ఉంటాయి కదా, అవన్నీ నెలవంకలై పోయాయి. దుమ్ములో వందల నెలవంకలు, గాలికి ఆకు కదిలితే అన్నీ ఒక్కసారిగా కదులుతున్నాయి. ప్రతి సందూ ఒక సూది బెజ్జంలా సూర్యుడి బొమ్మను నేలమీద వేస్తోంది. మూడున్నర దాటాక చీకటి పడింది, రెండున్నర నిమిషాలకు పైగా. కాకులు గూళ్లకు పోయాయి. మళ్లీ తెల్లవారినట్టయింది. మర్నాడు ఊళ్లో ఏ పిల్లవాణ్ని అడిగినా "మా అమ్మ దుప్పటి కప్పేసింది సార్" అన్నాడు. అప్పటి చదువు అలా చెడింది దుప్పటి వల్ల, ఇప్పటిది తెర వల్ల.

మొన్న మూడో తరగతి మనవరాలు పుస్తకం తెచ్చి చూపించింది. ఒకే పేజీలో భూమి, పక్కన చంద్రుడు, మధ్యన రాకెట్టు. పేర్లన్నీ గడగడా చెప్పింది. విక్రమ్, దాని బండి ప్రజ్ఞాన్, దిగిన చోటు శివశక్తి. మా రోజుల్లో ఇన్ని పేర్లు మా మేష్టరుకే తెలియవు, ఒప్పుకుంటాను. "మరి ఇంత దగ్గరుంటే విక్రమ్‌కు నలభై రోజులెందుకు పట్టిందే?" అన్నాను. ఆలోచించి, "ట్రాఫిక్కా తాతా?" అంది.

లాభం లేదని గ్లోబు తీసుకుని వీధిలోకి నడిచాను. అడుగు వెడల్పు గ్లోబు అరుగు మీద పెట్టాను. చంద్రుడికి మూడుంబావు అంగుళాల బత్తాయి సరిపోయింది. దాన్ని పట్టుకుని నిలబడమంటే గ్లోబును ఆనుకుని నిలబడింది, బొమ్మలో అలాగే ఉంది మరి. వెనక్కి పో అన్నాను. ఇంకా పో. ముప్పై అడుగులు కొలిచేసరికి పక్కింటి గేటు దాటింది. అదీ చంద్రుడుండే దూరం, 3,84,400 కిలోమీటర్లు. ఇప్పుడు మనవాళ్లెంత పైకి పోయారో చూద్దామన్నాను. మన గుంటూరు పిల్ల శిరీష బండ్ల 2021లో పోయొచ్చిన ఎత్తు ఈ గ్లోబు మీద రెండు మిల్లీమీటర్లు. 1984లో రాకేశ్ శర్మ, 2025లో శుభాంశు శుక్లా తిరిగిన ఎత్తు ఇంచుమించు ఒక సెంటీమీటరు, నా చిటికెన వేలి మందం. మా కాలంలో పాఠాలు చెప్పిన ఏటీఎస్-6 అయితే మూడడుగులకు కాస్త తక్కువ. బత్తాయి మీద దిగింది అపోలో మనుషులు, వాళ్లకు ముందూ తర్వాతా యంత్రాలు. అపోలోకు శాటర్న్-5 అనే పెద్ద రాకెట్టుంది, ఒక్క తోపులో చంద్రుడి దారి పట్టించింది, నాలుగు రోజుల్లో దిగారు. మనది చిన్నది, భూమి చుట్టూ తిరుగుతూ ప్రతి తడవా కాస్త కాస్త ఎత్తు పెంచుకుని పోయింది. ఖర్చు తక్కువ, రోజులెక్కువ. పిల్ల బత్తాయి వైపూ గ్లోబు వైపూ చూసి, "మధ్యలో ఏమీ లేదా?" అంది. ఏమీ లేదన్నాను. "సూర్యుడెక్కడ?" అంది. మూడున్నర కిలోమీటర్ల అవతల, నూట తొమ్మిది అడుగుల వెడల్పున అన్నాను. రోడ్డు చివర దాకా చూసింది. అప్పటికి వీధి పిల్లలందరూ పోగయ్యారు, బత్తాయి చేతులు మారింది, ఎవడో వొలుచుకు తిన్నాడు కూడా.

దీనికి స్మార్ట్ బోర్డు కావాలా, నెట్టు కావాలా? విహారయాత్రకు పిల్లల్ని బస్సెక్కించి నీళ్లలో దొర్లే పార్కులకు తీసుకుపోతున్నారు. 2019 నుంచి శ్రీహరికోటలో రాకెట్టు లేవడాన్ని జనం కూర్చుని చూసే గ్యాలరీ ఉంది. మన ప్రాంతం నుంచి ఒక్క బడి బస్సు అటు పోయిందని నేను వినలేదు.

సరే, గొణిగింది చాలు. మేష్టర్లకూ పంచాయతీవాళ్లకూ ఒక మాట. 2027 ఆగస్టు 2, సోమవారం, నాలుగు దాటాక మన ఆకాశంలో పాక్షిక సూర్యగ్రహణం ఉంది. పిల్లల్ని తొందరగా ఇళ్లకు తోలకండి. గ్రహణం చూడ్డానికని చేసిన కళ్లద్దాలు ముందే తెప్పించండి, ఎక్స్‌రే ఫిల్ముతో, మామూలు నల్లద్దాలతో చూడనివ్వకండి. అద్దాలు దొరక్కపోతే అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి సూర్యుడి బొమ్మ నేలమీద చూపించండి. అదే వారం చివర, 8వ తేదీ దరిదాపుల్లో, మధ్యాహ్నం పన్నెండు ఇరవై ఐదు ప్రాంతంలో రాయచూరు సీమలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన గుంజకు నీడ ఉండదు. మే నెలలోనూ ఇలాంటి రోజొకటి వస్తుంది గానీ అప్పుడు బడికి సెలవులు. 8వ తేదీ ఆదివారమే, అయినా బడి మైదానం గేటు తాళం తీసి ఉంచండి.