రెండో చరణం కనబడుటలేదు

24 గంటల్లో ఇన్ని కోట్ల వ్యూస్ అంటూ మళ్లీ పోస్టర్ పడింది. శుభం. పాటకు ముందు ప్రోమో, ప్రోమోకు ముందు దాని ముహూర్తం చెప్పే పోస్టర్, ఆ పోస్టర్ వస్తోందని ముందురోజే ఓ ట్వీటు. ఇంత మేళతాళాలతో ఊరేగి వచ్చిన పెళ్లికొడుకు తీరా చూస్తే 15 సెకన్లే!

ఆ 15 సెకన్లను తేలిగ్గా తీసిపారేయకండి. శ్రుతీ సాహిత్యం తర్వాత చూసుకోవచ్చు, హుక్ స్టెప్ ఎక్కడ పడుతుందో ముందు తేలాలి. హీరో నడుం ఎటు తిరిగితే స్వరం అటు తిరగాలి. రీల్ నిలువుగా ఉంటుంది కాబట్టి పల్లవి కూడా అందులో ఇమిడేలా నిలబడే ఉండాలి. మధ్యలో వేణువు వినిపిస్తే వేలు పైకి జరిపేస్తారట, అందుకని వేణువుకు సెలవు. మొదటి చరణం ఇంకా బతికే ఉంది, డాన్సర్లు బట్టలు మార్చుకోవాలి కదా. రెండోది మాత్రం కొన్నేళ్లుగా కనబడటం లేదు. ఆచూకీ తెలిసినవారు గీత రచయితకు కబురు పెట్టగలరు, వెతుకుతున్నది ఆయనొక్కడే.

ఆటోట్యూన్ సంగతి ఎత్తను. పాడిందెవరో తేలాక మాట్లాడుకుందాం.

అడిగితే సినిమావాళ్లది ఒకటే జవాబు: కలకాలం నిలిచే పాటలు చేస్తూ కూర్చుంటే నిర్మాత నిలవడు, జనానికి కావలసింది ఇదే.

ఏ జనానికండీ? 1980లో ‘శంకరాభరణం’ చూసినవాళ్లంతా సంగీత కళాశాల విద్యార్థులా? దానికి జాతీయ అవార్డు అందుకున్న కె.వి. మహదేవన్ అంతకు మూడేళ్ల ముందు ‘అడవి రాముడు’కు బాణీలు కట్టారు. అందులో ‘ఆరేసుకోబోయి’కి ఈలలు వేయించిందీ ఆయనే, ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి చేత పాడించిందీ ఆయనే. రెండింటికీ కలం వేటూరిది. తెలుగు మాతృభాష కాకపోయినా, ముందు పాట రాయించుకుని ఆ మాటకు తగ్గట్టు బాణీ కట్టడం మహదేవన్ పద్ధతి. జనమా, నాణ్యమా అని ఆయన బేరం పెట్టలేదు.

‘నాటు నాటు’ను చూపిస్తారు. చూశాం. 2023లో ఆస్కార్ తెచ్చిన ఆ పాటలో స్టెప్పు వెనక ఊరుంది, జాతరుంది, తిండి ఉంది. మీరు కాళ్లు మాత్రమే ఎత్తుకొచ్చారు.

జనాన్ని అడ్డం పెట్టుకోవడం ఇక చాలించండి. మనిషిని నాలుగు నిమిషాలు కూర్చోబెట్టగలమన్న నమ్మకం మీకు లేదు. అది చేతకానితనం. దానికి ప్రజాభిరుచి అని పేరు పెట్టడం పొగరు.

కాదంటారా? వచ్చే ప్రీ-రిలీజ్ ఈవెంట్‌లో మైకు అందగానే నిరుటి మీ రికార్డుల పాటను ట్రాక్ లేకుండా రెండు పాదాలు పాడండి. జనాన్ని కూడా అందుకోమనండి. రాకపోతే కంగారుపడకండి, ‘ఆరేసుకోబోయి’ ఎత్తుకోండి. అది వాళ్లకు వచ్చు.