దొంగతనం కాదు మామయ్యగారూ, హాబీ!

(స్థలం: చెన్నై మైలాపూరు ఉత్తర మాడవీధి వెనక సందులో ఒక అపార్ట్‌మెంటు. డాబా తలుపు ముందు మెట్లు. తలుపుకి తాళం. తాళంచెవి ఏమైందో ఎవరికీ తెలీదు. డాబా మీద అత్తగారి గుమ్మడి వడియాలు. ఆకాశం మబ్బుగా ఉంది.

పాత్రలు: అల్లుడు, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్, నిరుడు ఉకులేలే, అంతకుముందు ఇంట్లో రొట్టెలు కాల్చడం. మామగారు, బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్ తాళాలు మోసి మోసి రిటైరైన మనిషి. సెక్రటరీ, ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉండేవాడే. తాళాలాయన, ఈయన పేరు ఎవరూ అడగలేదు.)

మామగారు: అల్లుడుగారూ, పొద్దున్నే పళ్ల డాక్టరు సామాను ముందేసుకుని మెట్ల మీద కూర్చున్నారేమిటి?

అల్లుడు: తాళాలు తీసే పిక్కులు మామయ్యగారూ. ఆన్‌లైన్లో తెప్పించాను. నాగేశ్వరరావు పార్కులో ప్రాక్టీసు చేస్తుంటే వాకింగు వాళ్లు వాచ్‌మన్‌ని పిలిచారు. అందుకని ఇక్కడికొచ్చా.

మామగారు: పాపం పంతులుగారు! 1893లో అమృతాంజనం తెచ్చి దేశం తలనొప్పి తీసిన మనిషి. ఆయన పేరు పెట్టిన పార్కులో మీరు కొత్త తలనొప్పి తెచ్చారన్నమాట.

అల్లుడు: ఇది దొంగతనం కాదు మామయ్యగారూ, హాబీ. జర్మనీలో 1997లోనే దీనికి సంఘం పెట్టుకున్నారు.

మామగారు: మనవాళ్లు అంతకంటే చాలా ముందే శాస్త్రం రాసుకున్నారు లెండి. దశకుమారచరితంలో అపహారవర్మ రాత్రి పనికి బయల్దేరుతూ ఏమేం తీసుకెళ్లాడో దండి వరసగా చెప్పాడు. తవ్వుకోలు, పట్టకారు, కొలతాడు, దీపం ఆర్పడానికి పురుగుల డబ్బీ. కేతన దాన్ని తెలుగు చేసి సాక్షాత్తూ తిక్కనకు అంకితమిచ్చాడు. మీ కిట్‌లో పురుగుల డబ్బీ ఇచ్చారా?

అల్లుడు: లేదండీ. పన్నెండు పిక్కులు, మూడు టెన్షన్ రెంచ్‌లు, ఒక అద్దపు తాళం. మూడు వేలు.

మామగారు: మూడు వేలా! మృచ్ఛకటికంలో శర్విలకుడికి దమ్మిడీ ఖర్చు లేదు. కన్నం కొలవాలన్నా, బిగించిన తలుపు తీయాలన్నా, పాము కరిస్తే కట్టు కట్టాలన్నా అన్నిటికీ జంధ్యమే. ఉపనయనంలో మీకు ఉచితంగా వేసిన కిట్టే అది. మీరే తీసి మేకుకి తగిలించారు.

అల్లుడు: ఆయన దొంగ కదండీ.

మామగారు: దొంగే. కానీ భక్తి ఉన్న దొంగ. కుమారస్వామికి దణ్ణం పెట్టుకునిగానీ కన్నం వేయలేదు. మీరు కపాలీశ్వరుడి గుడికి కూతవేటు దూరంలో ఉండి, అక్కడి కుమారస్వామి సింగారవేలర్ సన్నిధికి ఒక్కసారైనా వెళ్లారా?

అల్లుడు: ముందు ఇది చూడండి. ఈ రెంచ్‌తో తాళం తిరిగే వైపు కొంచెం ఒత్తిడి పెట్టి ఉంచాలి. లోపల ఐదు జతల పిన్నులు, పైన స్ప్రింగులు. తయారీలో వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి కాబట్టి ఒత్తిడి పెట్టగానే అన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఏదో ఒకటే ముందు బిగుస్తుంది. దాన్ని వెతికి పిక్కుతో పైకి నెడితే టిక్కుమని నిలబడుతుంది. అప్పుడు ఇంకోటి బిగుస్తుంది.

మామగారు: టెన్షన్ ఎంత పెట్టాలి?

అల్లుడు: చాలా తక్కువ. కొత్తవాళ్లందరూ ఎక్కువ పెట్టేస్తారు.

మామగారు: కింద మీ అత్తయ్య వడియాల కోసం పెడుతున్నది ఎక్కువో తక్కువో మీరే చెప్పాలి.

అల్లుడు: (టిక్, టిక్, టిక్) వచ్చింది! చూశారా?

మామగారు: చూశాను. లోపలున్నదంతా బయటికి కనపడే తాళం కదా. చూడకుండా ఎలా ఉంటాను?

అల్లుడు: దీనికి చరిత్ర ఉంది మామయ్యగారూ. లండన్‌లో బ్రామా అనే ఆయన 1790లో షాపు అద్దంలో తాళం పెట్టి, తీసినవాడికి రెండొందల గినీలన్నాడు. అరవయ్యేళ్లు ఎవరివల్లా కాలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికా ఆయన వచ్చి తీశాడు. పదహారు రోజుల్లో యాభైఒక్క గంటలు పట్టింది.

మామగారు: పదహారు రోజులా? ఆ సెలవు ఎవరు శాంక్షన్ చేశారు?

(సెక్రటరీ ప్రవేశం. మెడలో ఐడీ కార్డు. సొంత అపార్ట్‌మెంటులోనే.)

సెక్రటరీ: రావుగారూ, ఏమిటీ గుమిగూడటం? మెట్ల మీద గుమిగూడకూడదని సర్క్యులర్ ఇచ్చాను గదా.

మామగారు: మా అల్లుడుగారు తాళాలు తీయడం నేర్చుకుంటున్నారు.

సెక్రటరీ: అయ్యో!

అల్లుడు: హాబీ అండీ. లాక్‌స్పోర్ట్ అంటారు. ఫైన్‌మన్ కూడా అణుబాంబు తయారుచేసేచోట ఇదే పని చేసేవాడు. ఆయనకి నోబెల్ వచ్చింది.

సెక్రటరీ: ఓహో! నోబెల్ వచ్చిందా? మంచి కార్యక్రమం సార్. పిల్లలకి ఏకాగ్రత, చేతివేళ్ల నేర్పు. మనం వర్క్‌షాప్ పెట్టాలి. ఫ్లెక్సీలో మీ ఫోటో వేద్దాం.

మామగారు: ముందు ఈ డాబా తాళం తీయించండి. చినుకులు మొదలయ్యేలా ఉన్నాయి. ఏం అల్లుడుగారూ?

అల్లుడు: (తాళం తిప్పి చూసి) ఇది దిండిగల్లు తాళం మామయ్యగారూ. ఇందులో పిన్నులుండవు, లివర్లుంటాయి. ప్రతి రేకూ తనకు కావలసినంతే లేవాలి. తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు. నా కిట్ పిన్ను తాళాలది.

మామగారు: 2019లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాళం. మీ కిట్‌కి లొంగితే పరువేం కాను?

అల్లుడు: పైగా మా హాబీకి రెండు నియమాలున్నాయి. మనది కాని తాళం ముట్టకూడదు. మనదే అయినా, వాడుకలో ఉన్న తాళం అసలే ముట్టకూడదు. ఇది అసోసియేషన్‌ది, వాడుకలోనూ ఉంది.

మామగారు: ఆ నియమాలు ఇప్పుడే గుర్తొచ్చాయా? ఇందాక గంటసేపు దీన్ని గీకారు కదా!

అల్లుడు: అది పరిశీలన.

సెక్రటరీ: పోనీ పగలగొట్టిద్దామా?

మామగారు: పెద్దవాళ్ల పద్ధతే అది. పూరీ రత్నభండారం లోపలి గది తాళంచెవులు కనపడలేదని 2018లో గోల. 2024 జూలైలో ఉన్న తాళంచెవులకి లొంగకపోతే చివరికి తాళాలు పగలగొట్టారు.

అల్లుడు: నన్ను పిలిచి ఉంటే!

మామగారు: పదహారు రోజులు పూరీలో భోజనం ఎవరు పెడతారు? ప్రసాదమే దిక్కు. కింద ఫుట్‌పాత్ మీద కూర్చునే ఆయన్ని పిలుచుకొస్తాను ఉండండి.

(తాళాలాయన ప్రవేశం. చేతిలో గుడ్డ సంచి.)

సెక్రటరీ: ఆగవయ్యా, ఆగు. ఆధార్ జిరాక్స్ ఉందా? ఈ రిజిస్టర్లో పేరు, ఫోన్ నంబరు, టైమ్ రాయి. సంచిలో ఏమున్నాయి?

తాళాలాయన: ఆకురాయి, పట్టకారు, కొవ్వొత్తి, ఖాళీ చెవులు సార్.

సెక్రటరీ: ఇవన్నీ దొంగల సామాన్లు కదయ్యా! సీసీటీవీ వైపు తిరిగి నిలబడు.

(మెట్ల మీద అల్లుడి కిట్ పరిచే ఉంది. పన్నెండు పిక్కులూ కెమెరా వైపే మెరుస్తున్నాయి.)

తాళాలాయన: (ఖాళీ చెవికి కొవ్వొత్తి పొగ పట్టించి, తాళంలో పెట్టి, ఒత్తి, తీసి చూస్తూ) ఇక్కడ తగులుతోంది. (ఆకురాయితో రుద్ది, మళ్లీ పొగ పట్టించి) ఇక్కడ ఇంకొంచెం.

అల్లుడు: అబ్బ! దీన్ని ఇంప్రెషనింగ్ అంటారు మామయ్యగారూ. మా హాబీలో ఇది పై తరగతి. ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ?

తాళాలాయన: నాన్న దగ్గర. రాకపోతే ఆ పూట అన్నం లేదు సార్.

అల్లుడు: నేను వీడియో తీసుకోవచ్చా?

సెక్రటరీ: తీయండి సార్, తీయండి. మన వర్క్‌షాప్‌కి పనికొస్తుంది.

(తాళం ఊడింది. మామగారు లోపలికి పరుగెత్తి వడియాల చీర నాలుగు మూలలూ పట్టుకున్నారు. ఇకమీద ఆయన మాటలు డాబా మీంచి.)

తాళాలాయన: కొత్త చెవితో కలిపి నూటయాభై సార్.

సెక్రటరీ: ముక్క ఇనుము అటూ ఇటూ రుద్దినందుకు నూటయాభయ్యా? పది నిమిషాలు కూడా పట్టలేదు. వంద తీసుకో.

మామగారు: (డాబా మీంచి) యాభైఒక్క గంటలు పట్టి ఉంటే ఎంతిచ్చేవారు?

సెక్రటరీ: (వినిపించుకోకుండా) అల్లుడుగారూ, వచ్చే ఆదివారం ఖాయం. తలకి ఏడువందల యాభై. సర్టిఫికెట్టూ ఇద్దాం, దాని మీద నా సంతకం.

తాళాలాయన: సార్, ఆ క్లాసుకి మా అబ్బాయిని పంపొచ్చా? వాడి చేతికి బాగా పట్టుబడుతోంది. సర్టిఫికెట్టు ఉంటే ఏదైనా షాపులో పెట్టుకుంటారు.

సెక్రటరీ: రెసిడెంట్లకి మాత్రమేనయ్యా. సెక్యూరిటీ అని ఒకటుంటుంది కదా. బయటివాళ్లకి ఇలాంటి విద్యలు నేర్పితే రేపు మా తాళాలకి భద్రత ఏముంటుంది? రిజిస్టర్లో వెళ్లే టైమ్ కూడా రాసి, వెనక గేటులోంచి వెళ్లు.

తాళాలాయన: ఆ గేటుకి తాళం వేసుంది సార్.

సెక్రటరీ: అరే, దాని చెవి ఎక్కడ పెట్టానో!

తాళాలాయన: పర్లేదు సార్. నిరుడు దానికీ నేనే చేశాను.