హాల్‌టికెట్ లేని మురుగు

మూసీ ఒడ్డున ఓ మురుగునీటి శుద్ధి కేంద్రం. పేరెందుకులెండి. గేటు దాటగానే నందివర్ధనాలు, సున్నం కొట్టిన రాళ్ళు, గోడకో ఫ్లెక్సీ: 'తొంభై శాతానికి పైగా శుద్ధి'. ఇంటర్ ఫలితాల మర్నాడు కార్పొరేట్ కాలేజీలు వేసే ప్రకటనకీ దీనికీ ఒక్కటే తేడా. ఇక్కడ ర్యాంకర్ల ఫొటోల్లేవు. పాసైందంతా బ్యాక్టీరియా మరి!

తొంభై ఎలా వచ్చిందంటారా? కుళ్ళును అరగదీయడానికి సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువు తాగుతాయో చెప్పే లెక్కే బీఓడీ. లోపలికొచ్చిన మురుగులో అది లీటరుకు 250 మిల్లీగ్రాములుండి, బయటికి పోయే నీళ్ళలో 20కి దిగితే 92 శాతం. డిస్టింక్షన్!

ఇది షుగరు టెస్టులాంటిది, అంకె తగ్గితేనే ఆనందం. టెస్టుకు రెండ్రోజుల ముందు మైసూర్‌పాక్ మానేసే పెద్దాయన మనింట్లోనే ఉంటాడు. ఆయన తెలివి ఇక్కడికీ పాకింది. తనిఖీ అధికారి వచ్చే రోజు తొట్టెల్లో గాలిబుడగలు పొంగి పొర్లుతాయి. ఇలాంటి కేంద్రాల్లో కరెంటు ఖర్చులో సగానికి పైగా ఆ గాలి ఊదడానికే పోతుంది. అందుకే డీఏ, పీఆర్సీ అడగని ఆ సూక్ష్మజీవి సిబ్బందికి మామూలు రోజుల్లో ఊపిరి కూడా పొదుపుగానే అందుతుంది.

అధికారి పదింటికి ఓ సీసా ముంచుతాడు. ఊరంతా స్నానాలు చేసే వేళ మురుగు వేరు, నడిరాత్రి మురుగు వేరు. గంట గంటకూ కొంచెం పట్టి, అన్నీ కలిపి పరీక్షించాలంటుంది పుస్తకం. రాత్రంతా మేలుకోమనడానికి పుస్తకానిదేం పోయింది? సీసా ల్యాబులో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు కూర్చుంటుంది. ఫలితాలొచ్చేసరికి పరీక్ష రాసిన నీళ్ళు ఊరు దాటేసి ఉంటాయి. తప్పినా సప్లిమెంటరీకి పిలిచే వీల్లేదు.

తొట్టె దగ్గరున్న ఆపరేటర్‌ని అడిగాను.

"సార్లు కాయితం జూస్తరు సార్, నేను బురద జూస్త" అన్నాడు. "తొట్టెల నీళ్ళు గీ లీటరు జాడీల వోసి అర్ధగంట వెడ్త. బురద మంచిగ అడుక్కు దిగాలె. దిగకుంట దూది లెక్క ఉబ్బిందంటె పురుగులకు పానం బాగలేనట్టు. వాసనగూడ జెప్తది. వానవడ్డ మట్టి వాసనొస్తె సక్కగున్నట్టు. మురిగిన గుడ్డు వాసనొస్తె గాలి సాలనట్టు."

అర్ధగంట జాడీ, ఓ ముక్కు. ఈ రెండు పరికరాలకూ ఫ్లెక్సీ మీద చోటు దొరకలేదు.

"మరి ఆ పక్క నాలాలో నల్లగా పోతున్నదేంటి?"

"అది మన లెక్కల రాదు సార్."

అప్పుడు వెలిగింది నూటికి నూరు శాతం ఉత్తీర్ణత రహస్యం. తప్పేవాడికి హాల్‌టికెట్ ఇవ్వకపోతే తప్పేవాడే ఉండడు! గేటు లోపలికొచ్చిన మురుగుకే మార్కులు. రానిదానికి హాజరుపట్టీయే లేదు.

దేశంలోని పట్టణాల్లో రోజూ పుట్టే మురుగు దాదాపు 7,237 కోట్ల లీటర్లని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో తేల్చింది. దాన్ని వందమంది పిల్లలు, శుద్ధి కేంద్రాల్ని బడులు అనుకోండి. కట్టిన బడుల్లో సీట్లు 44. తలుపులు తెరిచిన బడుల్లో 37. వచ్చి కూర్చున్న పిల్లలు 28 మంది. ఇక నిబంధనల ప్రకారం నడిచే బడులు చూసుకుంటే, వాటిలో సీట్లు 17. వచ్చిన 28 మంది పోగా మిగతా 72 మందీ ఏ బడి గడపా తొక్కకుండా నాలాల్లో, చెరువుల్లో, నదుల్లో ఈతకు పోయారు. వాళ్ళ మీద ప్రోగ్రెస్ కార్డులో ఒక్క ముక్క లేదు. కొత్త ఫ్లెక్సీ మాత్రం కట్టడానికి సిద్ధంగా ఉంది.

బయటికొచ్చి చాయ్ చెప్పాను. మూసీ నీళ్ళతో గడ్డి పెంచడం, ఆ గడ్డి గేదెలకు వేయడం ఇక్కడ ఏళ్ళనాటి బతుకుతెరువు. "పాలు చిక్కగుంటయి సార్, గీ మూసీ పక్క బర్లయే" అంటూ గ్లాసు అందించాడు కొట్టాయన.

గ్లాసులోకి కాసేపు చూశాను. బడి ఎగ్గొట్టిన పిల్లలు ఎక్కడ తిరిగినా, పొద్దుగూకేసరికి ఇంటికే కదా వచ్చేది!