గంట మోగింది, పని ఆగింది

మా ఆఫీసులో అందరం కలిసి పని చేసుకోవడానికి ఒక వెబ్ పేజీ ఉండేది. డాక్యుమెంట్లు, చేయాల్సిన పనుల జాబితా, ఎవరు ఎవరిని ఏమన్నారో ఆ చిట్టా, అన్నీ అందులోనే. దాని సుగుణం ఏమిటంటే మనం వెళ్తే తప్ప పలకరించేది కాదు. రచ్చబండ లాంటిది. పోవాలనిపిస్తే పోతాం, కాసేపు కూర్చుంటాం, లేచి వస్తాం. పోయినేడాది దాన్ని యాప్‌లా మార్చాలని పెద్దలు తీర్మానించారు. అప్పట్నుంచి రచ్చబండే ఇంటికొచ్చి తలుపు కొడుతోంది.

ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. 2015లోనే ఫ్రాన్సెస్ బెరిమన్, అలెక్స్ రస్సెల్ ఇలాంటివాటికి ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అని నామకరణం చేశారు. మేనిఫెస్ట్ అనే చిన్న ఫైల్లో పేరూ బొమ్మా రాసిపెడితే పేజీ కాస్తా ఫోన్లో ఐకాన్ అయి కూర్చుంటుంది. సర్వీస్ వర్కర్ అనే స్క్రిప్టు బ్రౌజర్ వెనకాల కాపలా ఉంటుంది. నెట్ లేకపోయినా దాచుకున్న పేజీ తీసి చూపిస్తుంది. ట్యాబ్ మూసేసినా సర్వర్ పంపిన కబురు అందుకుని గంట కొడుతుంది. మూసేశానంటే ఇక చాలని అర్థం. ఆ సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు.

ఐఫోన్ వాళ్లు చాలాకాలం సుఖపడ్డారు. 2023 మార్చిలో ఐఓఎస్ 16.4 వచ్చేదాకా వాళ్లకు ఈ వెబ్ గంటలే లేవు. వచ్చాక కూడా పేజీని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాళ్లకే. పట్టుబట్టి గంటలు పెట్టించిన మా మేనేజర్ గారిది ఐఫోనే. ఆయన మాత్రం ఇంకా ఐకాన్ పెట్టుకోలేదు. "ఫోన్లో స్థలం లేదండీ" అన్నారు. రోజూ ఆయన పంపే శుభోదయం వీడియోలకు ఎక్కడ దొరుకుతోందో మరి!

మొదట్లో ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తేనే మోగేది. అది న్యాయమే. తర్వాత కామెంటుకి, ఆ కామెంటు కింద కామెంటుకి, దానికి ఎవరో పెట్టిన బొటనవేలికి కూడా మొదలైంది. ఒక రాత్రి పదకొండింటికి "రమణ గారు ఒక కామా తీసేశారు" అని మోగింది. దుప్పటి కప్పుకునేలోగా "రమణ గారు ఒక కామా చేర్చారు" అని మళ్లీ. పక్కగదిలోంచి మా అమ్మ, "పాపం ఆ అబ్బాయికి నిద్ర పట్టట్లేదేమోరా, పెళ్లయిందా?" అంది.

అసలు జనానికి ఇవి ఇష్టమేనా అని 2019లో మొజిల్లా వాళ్లు పరీక్షించి చూశారు. నోటిఫికేషన్లు పంపమంటారా అని సైట్లు అడిగితే దాదాపు 99 శాతం సార్లు ఎవరూ సరే అనలేదట. అందుకే 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72, ఆ ప్రశ్నను మొహం మీదికి రానివ్వకుండా అడ్రస్ బార్‌లో చిన్న గుర్తుగా మార్చేసింది. ఆ మిగిలిన ఒక్క శాతం మా ఆఫీసే అయ్యుంటుంది. మాచేత సర్క్యులర్ ఇచ్చి మరీ సరే అనిపించారు.

గంటలు తగ్గించమని టెక్నికల్ టీమ్ కుర్రాణ్ని అడిగితే, "ఆ మాట టూల్లోనే రాయండి సార్, అందరి అభిప్రాయం తెలుస్తుంది" అన్నాడు. రాశాను. ఆఫీసంతా గంటలు మోగాయి. తెల్లారేదాకా నాకు బొటనవేళ్లు వస్తూనే ఉన్నాయి.

టూల్స్ తయారుచేసే బాబులూ, మీ తెలివికి దణ్ణం. నా వల్ల ఎవరి పనైనా ఆగిపోతే అర్ధరాత్రయినా మోగించండి, లేస్తాను. మిగతావన్నీ మూటగట్టి పొద్దున్నే ఒక్కసారి పంపండి. కామాలు మాత్రం రమణ గారికే పంపండి.