ఇంప్లాంటును వాయిదా వేయు విధానము

దంతములు రాలిన పెద్దలకు దవడ ఎముకలో టైటానియపు మరమేకు నాటి దానిపై కృత్రిమదంతమును నిలుపు చికిత్స వీథివీథిని లభించుచున్న యీ దినములలో దానిని తప్పించుకొనుట సామాన్యవిద్య కాదు. కావున అందలి మెలకువలు కొన్ని జిజ్ఞాసువులకై వివరింపబడుచున్నవి.

కుమారుడు ఆస్పత్రి ప్రస్తావన తెచ్చినతోడనే, "ఈ వయసులో నాకెందుకురా, ఇంకెన్నాళ్లుంటాను గనక!" అని నిట్టూర్పవలెను. అరువదవ యేట ఈ వాక్యమును ప్రారంభించినవారు ఎనుబదవ యేటను అక్షరము మార్చకయే వాడుకొనుచున్నారు. వయస్సొక్కటే ఈ చికిత్సకు అడ్డు కాదనియు, అదుపు తప్పిన షుగరు, పొగత్రాగుడు, ఎముకల బలమునకై మ్రింగు కొన్ని మందులు ముందుగా విచారింపదగినవనియు వైద్యుడు చెప్పబోయినచో, చెవుడు నటించుట మేలు. చుట్ట మానుమనునేమో యను భయమును పైకి పొక్కనీయరాదు.

ఖర్చు మాట వచ్చినపుడు, మనుమరాలి పెండ్లిలో బాణసంచాకు తగులవేసినది జ్ఞప్తికి రానీయకుడు.

"కొత్త వింత, పదిమంది చేయించుకొన్నాక చూద్దాం" అనుట మఱియొక ఉపాయము. స్వీడనువాసియగు బ్రోనెమార్క్ కుందేటి ఎముకలో అమర్చిన టైటానియము ఎముకతో నేకమై ఊడిరాకుండుట 1952 ప్రాంతమున గమనించి, 1965లో తొలి రోగికి దంతములు నిలిపెను. అనగా ఇంప్లాంటునకే షష్టిపూర్తి జరిగిపోయినది. అయినను ఈ లెక్క కట్టువారు అరుదు.

కట్టుడుపళ్లవారికి సాధన మిక్కుటము. విందులో విస్తరిపై గారె పడగానే, ఎడమచేతి రుమాలు మూతికి అడ్డుపెట్టి, నాలుక కదలినపుడెల్ల పైకి తేలు క్రింది సెట్టును చల్లగా ఊడదీసి, చొక్కా జేబులో జారవిడిచి, గారెను సాంబారులో నానబెట్టి చిగుళ్లతో నలుపవలెను. (ఆ చొక్కా జేబు తడిమి చూడకయే చాకలికి పోయిన ఉదంతములు లేకపోలేదు.) దంతములు బొత్తిగా లేని క్రింది దవడకు రెండు ఇంప్లాంట్లపై బొత్తాములవలె బిగియు సెట్టునే మొదట సూచింపవలెనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున కూడిన నిపుణులు తీర్మానించిరి, ఈ వార్త కోడలి చెవిని పడనీయకుడు.

ఇక ఓపిక పట్టుటయే తరువాయి. పన్ను లేనిచోట దవడ ఎముక ఏటేట తరుగుచునేయుండును. తుదకు వైద్యుడే ఎక్స్‌రే చూచి, "ఎముక చాలదండీ, ముందు ఎముక అతికించాలి, అది కుదురుకోడానికి కొన్ని నెలలు పడుతుంది" అనును. అంతటితో కుమారుడును ఊరకుండును. మెత్తని అన్నము, పెరుగు మాత్రము ఇంటిలో కొఱతపడకుండ చూచుకొనుడు.